పెద్ద కుర్చీ ముందు నా పీట

మా పేటలో పాట కబురు ఎప్పుడూ చేపల బుట్టలతో పాటే వచ్చేది. నది అవతల దలా నుంచి పొద్దున్నే పడవ దిగే ఆడవాళ్ళు బుట్ట కింద పెడుతూనే "వచ్చే ఆదివారం కథ ఉందటమ్మా" అనేవారు. ఆ మాట సాయంత్రానికి అహ్లోన్ రేవంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చేది. గోడకి కాగితం అంటించే రోజులు కావవి. కాగితం అంటించినా మిలటరీవాళ్ళు ఎందుకని అడిగేవారు, నలుగురు ఒకచోట నిలబడినా ఎందుకని అడిగేవారు. అందుకని ఎవరు ఎక్కడ పాడబోతున్నారో నోటి మాటగానే తెలియాలి.

ఆ యేడు కథ ఉందని తెలిసి పేటంతా సంబరపడింది. నాకు మాత్రం భయం పట్టుకుంది.

ఊళ్ళో గొడవలు జరిగి వీధుల్లో సిపాయిలు నిలబడ్డప్పటి నుంచి మా అమ్మవారి పండగకి పాట లేదు, డప్పు లేదు. ఇంటికొకరు వెళ్ళి పసుపు కుంకాలిచ్చి తలవంచుకుని వచ్చేయడమే. ఆ యేడు పేట ఆఫీసువాళ్ళు ఒక్క పూటకి పర్మిషన్ ఇచ్చారు. పాత బియ్యపు మిల్లు పక్కన, గుడి ముందున్న ఖాళీ జాగాలో, మధ్యాహ్నం మొదలుపెట్టి వెలుతురు ఉండగానే ముగించాలి. మొదట కుర్రాళ్ళ గిటార్ పాటలు, తరువాత జముకుల కథ.

గిటార్ వాళ్ళలో నా రెండో కొడుకు ఉన్నాడు. బ్యాటరీల కొట్టులో పని. పని అయ్యాక సంచౌంగ్ పేటలో స్నేహితులతో కలిసి మెట్ల మీద కూర్చుని వాయించేవాడు. అమెరికాలో పశువుల కాపర్లు పాడుకునే పాటలట. వాటికి బర్మా మాటలు కట్టి పాడేవారు. నాకు అర్థమైనంతలో, ఏ పాట విన్నా అందులో ఎవరో ఒకరు ఇల్లు వదిలి వెళ్ళిపోతూనే ఉండేవారు. చేతిలో పని లేనివాళ్ళ పాటలని నేననేదాన్ని. ఆ పాటల వల్ల నాకు భయం లేదు.

భయమంతా కథతోనే. జముకుల కథ మా అత్తింటివారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి బర్మాలో ఈ రంగం వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది. కుంచం లాంటి డబ్బాకి ఒక పక్క తోలు బిగించి, తోలు మధ్య నుంచి నరం లాగి మీటుతారు. జుమ్ జుమ్ అంటుంది, అదే జముకు. కథకి ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు చెప్పాలి, ఒకరు జముకు మీటాలి, ఒకరు వంత పాడుతూ జనాన్ని నవ్వించాలి. చెప్పేది దలాలో ఉండే పెద్దాయన. జముకు ఆయన కొడుకుది. నవ్వించేవాడు నా మరిది.

నేను కాపురానికి వచ్చేనాటికి ఈ మరిదికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అత్తగారు పోయాక వాడికి తల దువ్విందీ నేనే, వీపు మీద నాలుగు వేసిందీ నేనే. పెళ్ళి వద్దన్నాడు. మా ఆయన పోయాక కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. రేవులో బస్తాలు మోసేవాడు. మనిషి మంచివాడే. నోరు మాత్రం ఒకరి అదుపులో ఉండేది కాదు.

అంతకుముందు యేడు సర్కారు కొట్టు ముందు బియ్యం కోసం లైన్లో నిలబడ్డాడు. సంచిలో పడిన నూకలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "సయా, ఇవి మాకా, మా ఇంట్లో ఎలకలకా?" అని కొట్టులో ఉద్యోగిని, అయ్యగారని పిలుస్తూనే, బర్మాలో అడిగాడు. లైనంతా నవ్వింది. ఆ సాయంత్రమే సిపాయిలు వచ్చి తీసుకుపోయారు. తొలి వానలకి వెళ్ళినవాడు నేల ఆరాక తిరిగొచ్చాడు. వచ్చాక చాలా రోజులు ఎవరినీ ఏమీ అనలేదు. పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. ఏడ్చేవాడిని చూసినా ఫర్వాలేదు కానీ, మాట్లాడేవాడు మాట్లాడకుండా గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ ఇంట్లో పని చేసుకోవడం కష్టం.

పేట ఆఫీసులో గుమాస్తాగా మన తెలుగాయనే ఒకడుండేవాడు. కథకి పర్మిషన్ వచ్చిందని తెలిసిన రోజునే గుడి దగ్గర నన్ను పక్కకి పిలిచాడు.

"పెద్దమ్మా, నీ మరిది నోటికి తాళం ఎయ్యి. ఓసారి ఏలిముద్ర ఏయించుకుని ఒదిలినారు. రొండోసారి పట్టుకెల్తే ఇంటికి పంపరు. నానెల్లి కాళ్ళు పట్టుకున్నా ఇనరు."

"వాడి బదులు ఇంకోడ్ని ఎట్టుకోమను," అన్నాను.

"ఇంకోడెవుడున్నాడు పెద్దమ్మా? ఉన్నోడు ఈడొక్కడే."

అదీ నిజమే. ఆ విద్య తెలిసిన తక్కినవాళ్ళు కొందరు పోయారు, కొందరు ఓడెక్కి వెనక్కి వెళ్ళిపోయారు.

పాడబోయే ప్రతి మాటా ముందుగా బర్మాలో రాసి ఇవ్వాలని ఆఫీసువాళ్ళు చెప్పారు. రాసిచ్చిన దాని మీద ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు. గిటార్ పాటలకి అది తేలికే. కథకి ఎలా? దలా పెద్దాయనకి అక్షరం రాదు. నేను మూడో తరగతిలోనే బడి మానేశాను. చివరికి ఆయన మా గుమ్మంలో కూర్చుని చెబుతుంటే రెండోవాడు రాశాడు. రాసింది సరిచూసుకుందామని మళ్ళీ చెప్పమంటే ఆయన వేరేగా చెప్పాడు.

"తాతా, ఇందాక అమ్మవారు ఏప మండ పట్టుకుందన్నావు. ఇప్పుడు కత్తి అంటన్నావు," అన్నాడు వాడు.

"అప్పుడు మండే పట్టుకుంది నాయినా. ఇప్పుడు కోపమొచ్చింది," అన్నాడు పెద్దాయన.

వాడు కలం పక్కన పెట్టి తల పట్టుకున్నాడు. అలాగే తంటాలు పడి రాసుకుపోయి, వంతవాడి వంతు వచ్చినచోట 'ఇక్కడ ఇతను నవ్విస్తాడు' అని రాసి పంపాడు. ఏం చెప్పి నవ్విస్తాడో కూడా రాయమని కాగితం వెనక్కి వచ్చింది. మరిది కషాయం తాగేవాడిలా మొహం పెట్టి, పాలు తాగబోయి కుండలో తల ఇరికించుకున్న పిల్లి సంగతి ఒకటి చెప్పాడు.

"ఇది ఇని ఎవుడు నవ్వుతాడొదినా?" అన్నాడు నాతో.

"ఎవులూ నవ్వక్కర్లేదు. నువ్వింట్లో ఉంటే సాలు."

అయితే పిల్లితో తీరే సంగతి కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మా కథకి ఒక ఆనవాయితీ ఉంది. అమ్మవారి పెళ్ళి ఘట్టం దగ్గరికి వచ్చేసరికి కథ ఆగుతుంది. వంతవాడు దిగి జనంలోకి వస్తాడు. ఆ సభలో అందరికన్నా పెద్ద ఎవరో వెతికి, వాళ్ళ ముందు నిలబడి ఉన్న మాటా లేని మాటా కలిపి ఎగతాళి చేస్తాడు. తిట్లు తిన్న పెద్దమనిషి కోపం తెచ్చుకోకూడదు. వాడు అడిగింది చదివించాలి. అప్పుడే పుస్తె కడతారు. పెద్దల గర్వం దిగకుండా అమ్మవారికి పెళ్ళి చేయకూడదని మావాళ్ళ నమ్మకం. వెనకటి రోజుల్లో కూలీలని పెట్టే మేస్త్రీలు, మిల్లు దొరలు కూడా ఆ తిట్లు తిన్నారు.

పండగకి ముందు రోజు పొద్దున్న నేను ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే మరిది వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు ఆఫీసులోళ్ళ కాడికి ఎల్లకు," అన్నాను. "మన రేవు మేస్త్రీ ఉన్నాడు కదా, ఆడ్ని నాలుగు అనీసి మళ్ళీ పైకెక్కీ."

"అలగేలే."

"అలగేలే అంటే కాదు. నా మీద ఒట్టెయ్యి."

వాడు ఒట్టు వేయలేదు. ఒక మిరపకాయ తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు. "వొదినా, లోపల ఉన్నన్నాళ్ళూ నవ్వించడం మరిసిపోయేననుకున్నాను. మొన్న తాతతో కూకుంటే మళ్ళీ నోట్లోకి మాటలొచ్చినాయి. పోతే పోనీ అనిపించింది."

"ఏటి పోయేది? నువ్వా, మాటలా?"

చేతిలో మిరపకాయ చాటలో పడేసి లేచి వెళ్ళిపోయాడు. నా చేతుల మంట సాయంత్రం దాకా తగ్గలేదు.

ఆదివారం నేను కాస్త ముందే వెళ్ళాను. నా పీట నేనే పట్టుకెళ్ళాను. చాప మీద కూర్చుంటే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. అక్కడి బల్లలు నమ్మేవి కావు. వెళ్ళేసరికి పండగ చేసే పెద్దలు చేసిన ఘనకార్యం కనబడింది. పేట ఆఫీసు నుంచి మిలటరీ ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడని తెలిసి, మిల్లులోంచి టేకు కుర్చీ మోయించుకొచ్చి, తెల్ల తువ్వాలు పరిచి, సరిగ్గా వేదికకి ఎదురుగా నడిమధ్యన వేశారు. గౌరవం చేశామనుకున్నారు. ఒక్కరికీ తట్టలేదు. ఆ జాగాలో ఆ కుర్చీ ఉన్నాక, అందులో కూర్చున్నవాడిని వదిలి వంతవాడు ఇంకొకరి దగ్గరికి ఎలా వెళ్తాడు?

పడవ దిగి వచ్చిన దలా పెద్దాయన జముకు ఇంకా కింద పెట్టకుండానే అడిగాడు. "ఈ కుర్చీ ఎవులేసినారు?"

"ఆఫీసరుగారికి తాతా."

"తీసీండి. ఓరకి లాగీండి బేగి."

అప్పటికే జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు దిగాడు. నడివయసు మనిషి, సన్నగా ఉన్నాడు. తిన్నగా వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. తెలుగు మాటలు బర్మాలో చెప్పడానికి గుమాస్తా పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

గిటార్ పాటలు బాగానే జరిగాయి. నా కొడుకు పాడిన పాటకి ఆఫీసరు బూటుతో తాళం కూడా వేశాడు. జనం కాస్త ఊపిరి పీల్చుకున్నారు. అదే పాట ఇంకోసారి పాడమంటే పాడారు. పొద్దు వాలిపోతుందేమో అని నాకు ఒకటే ఆదుర్దా. కథ మొదలెడితే మంగళం పాడకుండా లేవకూడదు. వెలుతురు పోయాక ఉండనివ్వరు.

తరువాత జముకు మోగింది. చాలా కాలానికి విన్నాం. నా పక్కనున్న ముసలమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. గోనెగుడ్డ చొక్కా తొడుక్కుని, మొహాన మసి చారలు గీసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకున్న నా మరిదినే చూస్తూ కూర్చున్నాను. రాసిచ్చినట్టే పిల్లి సంగతి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు ఒళ్ళో కాగితం చూసుకుని తలాడించాడు. నేను లోపల అమ్మవారికి దండం పెట్టుకున్నాను. ఇలాగే కానీయమ్మా అన్నాను.

పెళ్ళి ఘట్టం వచ్చింది. జముకు దరువు మారింది. మరిది వేదిక దిగాడు.

అప్పుడే గుమాస్తా, ఆఫీసరు అడగ్గా, ఆనవాయితీ ఇదీ అని చెప్పడం నాకు వినబడింది. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలి తువ్వాలు సర్దుకున్నాడు. "సరే, నన్నే అనమను. ఏమనుకోను," అన్నాడు నవ్వుతూ. ఏమనుకోనని ఆ మనిషి చెబితే ఎవరు నమ్ముతారు? వెనక రేవు కూలీల్లోంచి ఒకడు "పెద్ద కుర్చీ!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు.

మేస్త్రీ ఓ మూల తల దించుకుని కూర్చున్నాడు. మరిది ఆయన వైపు చూడలేదు. కుర్చీ వైపే చూస్తున్నాడు. మసి చారల మధ్య వాడి కళ్ళు నవ్వుతున్నాయి. చిన్నప్పుడు వద్దన్న గోడ ఎక్కి దూకే ముందు ఆ కళ్ళు అలాగే నవ్వేవి.

నేను లేచాను. పీట చంకన పెట్టుకుని, ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని, వెళ్ళి ఆ కుర్చీకి సరిగ్గా ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నా వీపుకీ ఆఫీసరు బూట్లకీ మధ్య జానెడు కూడా లేదు.

"పెద్దమ్మా! ఏటిది? లే, లే," అన్నాడు గుమాస్తా కంగారుగా.

"నాకు దూరం నుంచి ఇనబడదు," అన్నాను. నా చెవులకి ఏ జబ్బూ లేదు. తరువాత మరిది వైపు తిరిగాను. "ఏట్రా గుడ్లప్పగించి సూస్తన్నావు? నిన్ను పెంచినదాని కంటే నీకు పెద్దెవులు? కానీ!"

వాడు ఒకసారి కుర్చీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. జముకు ఒక్కటే మోగుతోంది. వదినని మరిది ఎంతైనా అనవచ్చు, అది వరస. వరసైన మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే కాదని దాటి వెళ్ళకూడదు. ఆ సంగతి వాడికి నేను చెప్పనక్కర్లేదు. కాసేపటికి గజ్జెకాలు నేలకేసి ఒక్కటి కొట్టాడు.

"తాతో! మా ఇంటికి రాజెవులో తెలుసునా?"

"ఎవులురా?" అన్నాడు వేదిక మీది నుంచి పెద్దాయన.

"ఇదిగో, మా వొదిన! ఈవిడ్ని రాజ్జెం సెయ్యమని మేం అడగనేదు తాతా. ఓనాడు వచ్చింది. గుమ్మంలో అడుగెట్టింది. తాళాలు బొడ్లో దోపీసింది. అంతే!"

జనంలో నవ్వు సన్నగా మొదలైంది.

"మా ఇంట్లో ఇద్దరు మాటాడుకుంటే ఏటా గుసగుస అంటాది. ముగ్గురు కూకుంటే లెగండి లెగండి, దీపం దండగ అంటాది. గెంజి పోసి, బాగుందని సెప్పమంటాది. బాగుందని సెప్తే నవ్వుతా సెప్పమంటాది!"

"మంచి బియ్యం లేవేట్రా మీ ఇంట్లో?"

"లేకేం తాతా! రేకు డబ్బా నిండా ఉన్నాయి, మల్లెపూలలాటి బియ్యం. మూత బిగించీసింది. నాను అంత దూరం ఎల్లి బొమికలగూడునై ఇంటికొస్తే మూత తీసిందేటి? నూకల జావ ఎట్టింది!"

"మరా డబ్బా ఎవులికిరా?"

"పై ఊరోళ్ళకి తాతా! ఓడెక్కి ఎల్తాయి, ఓడెక్కి!"

రేవు కూలీలు పగలబడి నవ్వారు. మంచి బియ్యం బస్తాలు ఓడలకి ఎత్తేది వాళ్ళే, ఇంటికెళ్ళి నూకలు తినేదీ వాళ్ళే. ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగలేదు. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అలలాగా తిరుగుతోంది. నా వెనక కుర్చీ కిర్రుమంది. బూట్లు కదిలాయి. వెనక్కి చూసే ధైర్యం చేయలేదు.

"ఒక బియ్యం డబ్బాకి ఇంత నవ్వా?" అని ఆఫీసరు గుమాస్తాని అడిగాడు. గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

"ఈవిడ అతని వదిన, సయా. ఆ డబ్బా సంగతి పేటంతా ఎరుగుదురు," అన్నాడు గుమాస్తా.

"అమే," అని ఆఫీసరు నన్ను పిలిచాడు. బర్మావాళ్ళు అమ్మని పిలిచినట్టే పిలిచాడు. "డబ్బా ఉన్న మాట నిజమేనా?"

జనం నవ్వు టక్కున ఆగింది. పీట మీదే వెనక్కి తిరిగాను. "నిజమే," అన్నాను నాకొచ్చిన బర్మాలో. "డబ్బా నాది. మూత నాది. చుట్టం వస్తే వండాలి, పండగొస్తే వండాలి. జబ్బుపడి వచ్చినవాడికి జావ పెట్టక పలావు పెడతారా? వీడు చూడు, ఎలా దున్నపోతులా ఉన్నాడో. ఎప్పుడు మూత తీయాలో నాకు తెలుసు. మీ అమ్మ ఇంట్లో ఏదీ దాచలేదా నాయనా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. నేనూ చూశాను. కళ్ళు దించితే పని చెడుతుంది.

"దాచేది," అన్నాడు చివరికి. "ఎండుచేపలు. ఇంటి చూరులో." తరువాత మరిదిని చెయ్యూపి, కానీమన్నాడు.

మరిది నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. చదివింపు అడిగే పద్ధతి అది.

"మూత తీస్తావా వొదినా?"

"తీస్తాను. బేగి పెళ్ళి కానియ్యి. పొద్దు పోతంది."

పుస్తె కట్టారు, మంగళం పాడారు. దలా పెద్దాయన, ఆయన కొడుకు జముకు సంచిలో వేసుకుని ఆఖరి పడవకి పరుగెత్తారు.

ఆ సాయంత్రం డబ్బా దించి నేనే మూత తీశాను. అన్నం ఉడుకుతుంటే ఆ వాసనకి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. మరిదికి కంచం నిండా పెట్టాను. వాడు పప్పు కలుపుకుని తిన్నాడు.

"ఇద్దరు మాటాడుకుంటే గుసగుస అన్నది నన్నేనేట్రా?" అన్నాను.

"నిన్నూ కూడానొదినా," అన్నాడు తల ఎత్తకుండా. ఇంకాస్త పప్పు వేయమన్నాడు. వేశాను.

రెండు రోజులాగి గుమాస్తా వచ్చాడు. జీపు ఎక్కుతూ ఆఫీసరు ఒక మాట అడిగాడట. "ఆ ముసలామె వచ్చి కూర్చోకపోతే నీ వంతవాడు ఎవరిని అనేవాడు?" అని.

"నువ్వేటన్నావు?" అన్నాను. నా చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

"ఏటంటాను పెద్దమ్మా? ఆవిడ ఏటేటా అక్కడే కూకుంటాది సయా, అదే ఆనవాయితీ అనీసినాను."

అలా అన్నాక ఇంకేముంది, అది ఆనవాయితీ అయిపోయింది. తరువాత ఎప్పుడు పర్మిషన్ దొరికినా, కుర్చీలో ఎవరు కూర్చున్నా, చేపల బుట్టలవాళ్ళు వచ్చి "పెద్దమ్మా, ఫలానా వారం కథ" అంటే నేను పీట దించి తుడుచుకునేదాన్ని. నా పిసినారితనం మీద మరిది ఏటేటా కొత్త మాటలు కట్టేవాడు. ఒక యేడు నూనె, ఒక యేడు కిరసనాయిలు. ఏది దొరక్కపోతే అది నేనే దాచినట్టు. జనం నా మొహం చూసి నవ్వేవారు. నేను మూతి బిగించుకుని కూర్చునేదాన్ని. నవ్వితే చెడిపోయే పని అది.